పిచ్చుక చూపిన బాట

ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగే వేళకు తూర్పున ఇంకా వెలుగు పూర్తిగా పరచుకోదు. ఆ సమయంలో చెవి ఒగ్గి వింటే చెట్ల మీద పక్షుల సందడి వినిపిస్తుంది. మనలో చాలామందిమి ఆ సందడిని వింటూనే విననట్టు ఇంటిదారి పడతాం. ఆ కూసింది ఏ పిట్ట, ఎక్కడి నుంచి వచ్చింది, ఏం తింటుంది, గూడు ఎక్కడ కట్టుకుంటుంది అని నిలబడి చూసేవారు అరుదు.

అలా నిలబడి చూడటమే జీవితంగా చేసుకున్న మనిషి ఒకరు మన దేశంలో ఉండేవారు. ఆయనకు పెద్ద డిగ్రీ లేదు. చేతిలో దుర్భిణి, జేబులో చిన్న నోటు పుస్తకం, కాళ్ళకు అలసట తెలియని నడక ఇవే ఆయన ఆస్తి. భారతదేశపు పక్షుల గురించి ఈనాడు ఎవరు ఏం రాయాలన్నా ముందు ఆయన పుస్తకాలు తిరగేయవలసిందే. ఆయనే డాక్టర్ సలీం అలీ.

యతీము బాలుడు

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి మొయిజుద్దీన్ కన్నుమూశారు. మూడేళ్ళ వయసులో తల్లి జీనతున్నిసా కూడా పోయారు. ఊహ తెలియకముందే యతీము అయిన ఆ పిల్లవాణ్ణీ, అతని అక్కలనూ అన్నలనూ మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ అక్కున చేర్చుకున్నారు. ఆయనకూ, ఆయన భార్య హమీదా బేగంకూ పిల్లలు లేరు. బొంబాయి ఖేత్వాడీలోని ఆ ఇల్లే ఈ పిల్లలకు పుట్టిల్లయింది.

అమీరుద్దీన్ మామూజాన్‌కు వేట అంటే ఇష్టం. మేనల్లుడికి ఒక చిన్న గాలి తుపాకీ కొనిచ్చారు. ఆ రోజుల్లో అది తప్పుగా ఎవరూ అనుకునేవారు కారు. కొట్టిన పిచ్చుకను హలాల్ చేసి వంటింటికి ఇవ్వటం ఆ ఇంటి పిల్లలకు అలవాటే. ఒకరోజు పదేళ్ళ సలీం కొట్టిన పిచ్చుక మిగతావాటిలా లేదు. దాని గొంతు కింద పసుపు మరక ఉంది. ఇది తినదగినదేనా, ముసల్మానుకు ఇది హలాలేనా అన్న సందేహం ఆ పిల్లవాడికి కలిగింది. పిట్టను తీసుకుని మేనమామ దగ్గరకు వెళ్ళాడు.

మేనమామకూ అది ఏ పిట్టో తెలియలేదు. ఇక్కడే ఆయన గొప్పతనం ఉంది. వంటింట్లో పడేయమనలేదు, వెళ్ళి ఆడుకోమనలేదు. తాను సభ్యుడిగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిలర్డ్ దొరకు ఒక చీటీ రాసి, పిట్టతో పాటు పిల్లవాణ్ణి పంపించారు. ఒక ఇంగ్లీషు దొరను ఒంటరిగా కలవటం ఆ వయసు పిల్లవాడికి భయమే. కానీ మిలర్డ్ ఆ పిట్టను చూసి అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పారు. అంతటితో ఊరుకోక, సొసైటీలో భద్రపరచిన పక్షుల అరలు ఒక్కొక్కటీ తెరిచి చూపించారు. పక్షుల్లో ఇన్ని జాతులు ఉంటాయని ఆ బాలుడికి తెలిసింది ఆ పూటే.

ఒక పిల్లవాడి సందేహాన్ని ఇద్దరు పెద్దలు చిన్నచూపు చూడలేదు. ఒక జీవితం అక్కడ మొదలైంది.

చదువులో వెనుకబాటు

బడి చదువులో సలీం అలీ ముందు వరుస విద్యార్థి కాదు. తరచుగా వచ్చే తలనొప్పి వల్ల బడి మానవలసి వచ్చేది. గాలి మార్పు కోసమని కొంతకాలం సింధు ప్రాంతానికి పంపించారు. 1913లో మెట్రిక్ ఎలాగో గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరారు కానీ లెక్కలు ఆయనకు కొరుకుడు పడలేదు. చదువు మధ్యలో వదిలి 1914లో బర్మాలోని తవాయ్‌కు వెళ్ళారు. అక్కడ కుటుంబానికి గనుల వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి. ఆ చుట్టుపక్కల దట్టమైన అడవులు. వ్యాపారం చూడవలసిన మనిషి చెట్లను, పక్షులను చూస్తూ గడిపారు.

1917లో బొంబాయి తిరిగి వచ్చి వాణిజ్య చట్టం, జమాఖర్చులు చదివారు. దానితో పాటు జంతుశాస్త్రమూ నేర్చుకున్నారు. 1918 డిసెంబరులో తహ్‌మినా బేగంతో నికాహ్ జరిగింది. మళ్ళీ బర్మా వెళ్ళారు గానీ వ్యాపారం నిలవలేదు. ఇల్లు గడవటానికి ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది. జువలాజికల్ సర్వేలో పక్షిశాస్త్రజ్ఞుడి ఉద్యోగం ఖాళీగా ఉంది. తెలివి ఉంది, అనుభవం ఉంది, కానీ యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఆ కారణంగానే ఉద్యోగం రాలేదు.

1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరాలు చెప్పే గైడ్ లెక్చరర్ కొలువు దొరికింది. రెండేళ్ళకే ఆయనకు తన చదువు చాలదని తోచింది. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ మ్యూజియంలో ప్రొఫెసర్ స్ట్రెస్మన్ దగ్గర శిష్యరికం చేశారు. ఇంగ్లీషు వారి పాలనలో ఉన్న దేశం నుంచి వచ్చిన ఈ డిగ్రీ లేని యువకుణ్ణి ఆ గురువు సాటి పండితుడిలా ఆదరించారు. జీవితాంతం సలీం అలీ ఆయననే తన ఉస్తాదుగా చెప్పుకున్నారు.

గిజిగాడి గుట్టు

1930లో ఎంతో ఆశతో స్వదేశం వచ్చేసరికి కొలువు పోయింది. డబ్బు లేదని మ్యూజియం వారు ఆ ఉద్యోగాన్నే తీసివేశారు. ముప్ఫై మూడేళ్ళ వయసు, భార్య, చేతిలో సంపాదన లేదు. మనలో ఎవరమైనా కుంగిపోయే సమయం అది.

భార్యాభర్తలు బొంబాయికి సముద్రం ఆవలి ఒడ్డున ఉన్న కిహీం అనే పల్లెకు మకాం మార్చారు. అక్కడ ఇంటి దగ్గరే ఒక చెట్టుకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతున్నాయి. సలీం అలీ ఒక నిచ్చెన వేసుకుని, గుడ్డతో చాటు కట్టుకుని, రోజూ పొద్దుటి నుంచి ఆ గూళ్ళ ఎదుట కూర్చున్నారు. ఆ వానాకాలం నెలల తరబడి అదే పని.

గిజిగాడి గూడు మన తెలుగు పల్లెల్లో ఎవరికి తెలియదు? ఈత చెట్లకు, బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు వేలాడే ఆ అల్లికను చూడని పిల్లవాడు ఉండడు. కానీ ఆ గూటి వెనుక సంసారం ఎలా నడుస్తుందో సలీం అలీ కంటే ముందు ఎవరూ సరిగ్గా కనిపెట్టలేదు. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లాక ఆడపక్షులు గుంపుగా వచ్చి పరీక్షిస్తాయి. లాగి చూస్తాయి, లోపల దూరి చూస్తాయి. నచ్చితే ఒకటి అక్కడే ఉండిపోతుంది. నచ్చకపోతే మగపక్షి శ్రమ అంతా వృథా. ఆడపక్షి ఒప్పుకున్నాకే అది గొట్టంలాంటి దారిని అల్లి గూడు పూర్తి చేస్తుంది. ఆమె గుడ్లు పొదుగుతుండగానే పక్కనే మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షి కోసం ఎదురుచూస్తుంది. ఈ పరిశీలనను ప్రచురించాక పక్షిశాస్త్ర లోకంలో ఆయన పేరు నిలబడింది.

ఉద్యోగం ఉంటే ఆయన ఆ నిచ్చెన ఎక్కేవారే కాదు. రిజ్క్ ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుస్తుందని మన పెద్దలు చెప్పే మాటకు ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

నిజాం రాజ్యంలో

ఆ తర్వాత సలీం అలీ ఒక ఉపాయం ఆలోచించారు. సంస్థానాల ప్రభుత్వాలకు ఉత్తరాలు రాశారు. తనకు జీతం వద్దనీ, ప్రయాణానికీ డేరాలకూ అయ్యే ఖర్చు భరిస్తే మీ రాజ్యంలోని పక్షుల జాబితా తయారుచేసి ఇస్తాననీ తెలిపారు. అలా ముందుగా చేసిన పెద్ద సర్వేల్లో మన హైదరాబాదు రాజ్యానిది ఒకటి. 1931-32లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఆ పని జరిగింది. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి వంటి చోట్ల ఆయన విడిది చేసి పక్షులను నమోదు చేశారు. ఆ నివేదిక 1933-34లో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడింది. తెలంగాణ అడవుల్లో ఆనాడు ఏ పక్షులు ఉండేవో, ఈనాడు ఏవి మిగిలాయో పోల్చి చూడటానికి ఇప్పటికీ అదే ఆధారం.

ఇంగ్లండులో చదువుకున్న తహ్‌మినా బేగం ఎడ్లబండి దారుల్లో, డేరాల్లో భర్త వెంట తిరిగారు. సుఖాలు కోరలేదు. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తర్వాత ఆమె మరణించారు. వారికి సంతానం లేదు. సలీం అలీ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్క కమ్మూ ఇంట్లో ఉంటూ మిగిలిన జీవితమంతా పక్షులకే ఇచ్చారు.

1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం అచ్చయింది. పండితులకే పరిమితమైన విద్యను బొమ్మలతో, తేలిక మాటలతో మామూలు మనుషుల చేతికి ఇచ్చిన పుస్తకం అది. నెహ్రూ దానిని తన కుమార్తె ఇందిరకు కానుకగా ఇచ్చారు. ఈనాటికీ అది అచ్చవుతూనే ఉంది. దానిని చూసుకునే భాగ్యం మాత్రం తహ్‌మినా బేగంకు దక్కలేదు.

భరత్‌పూర్ ఉదయాలు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర ఒక చిత్తడి నేల ఉంది. ఒకప్పుడు అది మహారాజా వారి బాతుల వేట మైదానం. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో రాక సందర్భంగా ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చి చంపారు. ఆ లెక్క అక్కడి రాతి పలక మీద చెక్కి ఉంది. యాదృచ్ఛికమే అయినా, ఆ రోజు సలీం అలీ పుట్టినరోజు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీటిని తోడేసి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చింది. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్ళి ఆ నేలను కాపాడారు. తర్వాతి కాలంలో అది జాతీయ ఉద్యానవనం అయింది. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

చలికాలపు తెల్లవారుజామున మంచు ఇంకా నీటి మీద ఉండగానే ఆయన గట్ల మీద నడక మొదలుపెట్టేవారు. తుమ్మచెట్ల నిండా కొంగల గూళ్ళు, నీటి మీద ఉత్తర దేశాల నుంచి వచ్చిన బాతులు. అక్కడ వలలు వేసి పక్షులను నొప్పి తగలకుండా పట్టేవారు బీహారు నుంచి వచ్చిన మీర్ షికార్లు. తరతరాలుగా పిట్టలు పట్టి అమ్ముకుని బతికిన పేద ముస్లిం కుటుంబాలు వారివి. ఆ నేర్పునే సలీం అలీ విద్యకు మళ్ళించారు. పట్టిన పక్షి కాలికి బొంబాయి సొసైటీ పేరూ, నంబరూ ఉన్న చిన్న లోహపు ఉంగరం తొడిగి, తూకం వేసి, వదిలిపెట్టేవారు. అలా వదిలిన బాతులు వేల మైళ్ళ అవతల సైబీరియాలో దొరికాయి. అక్కడి నుంచి కబురు వచ్చినప్పుడు వాటి దారి ఏదో తెలిసింది. నిన్నటిదాకా పంజరానికి పట్టిన చేతులే పక్షి ప్రయాణాన్ని లోకానికి తెలిపాయి.

అయితే ఆయన పొరపాటు పడని మనిషేమీ కాదు. పక్షుల మేలు కోసం ఆ ఉద్యానవనంలో పశువులను మేపరాదని ఆయన గట్టిగా వాదించారు. 1982లో నిషేధం వచ్చినప్పుడు చుట్టుపక్కల పల్లెల వారు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తీరా చూస్తే, గేదెలు రాకపోవటంతో నీళ్ళలో గడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి పక్షులకే చోటు లేకుండా పోయింది. ఈ నిజాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి బయటపెట్టింది కూడా ఆయన పెంచి పోషించిన బొంబాయి సొసైటీయే. పెద్దాయన చెప్పారు కదా అని నిజాన్ని దాచకపోవటం ఆయన నేర్పిన పద్ధతి. పేదవాడి గేదెకు కూడా సృష్టి లెక్కలో చోటు ఉందని ఆ సంఘటన అందరికీ నేర్పింది.

డెబ్బయి దాటాక

మనం విశ్రాంతి కోరుకునే వయసులో ఆయన అతి పెద్ద పని ఎత్తుకున్నారు. అమెరికా శాస్త్రజ్ఞుడు డిలన్ రిప్లీతో కలిసి భారత, పాకిస్తాన్ పక్షుల మీద 10 సంపుటాల గ్రంథం రాశారు. మొదటి సంపుటం 1968లో వచ్చేసరికి ఆయనకు 71 ఏళ్ళు దాటాయి. చివరిది 1974లో ముగిసింది. దేశాలు విడిపోయినా పక్షులకు సరిహద్దు లేదన్నట్టుగా రెండు దేశాల పేర్లూ ఆ గ్రంథం మీద ఉన్నాయి.

మోటారు సైకిలు అంటే ఆయనకు మహా సరదా. 1950లో స్వీడన్‌లో జరిగిన పక్షిశాస్త్ర మహాసభకు తన బండిని ఓడలో వేసుకుని వెళ్ళి, యూరప్ రోడ్ల మీద స్వయంగా నడుపుకుంటూ సభ చేరారు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని ఆనకట్ట ముంచకుండా కాపాడిన పోరాటంలోనూ ఆయన గొంతు వినిపించింది. 1984లో అది జాతీయ ఉద్యానవనం అయింది.

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. డిగ్రీ లేదని ఉద్యోగం ఇవ్వని దేశంలోనే అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడు ఆత్మకథ వెలువడింది. చిన్ననాటి ఆ పిచ్చుక పేరే దానికి పెట్టుకున్నారు. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన పెద్ద మొత్తాన్ని ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చేశారు.

1986లో మన కడప జిల్లా నుంచి ఒక వార్త వచ్చింది. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి మళ్ళీ కనిపించింది. కనుగొన్నది ఆయన సొసైటీ మనుషులే. దారి చూపింది అక్కడి పిట్టలు పట్టే పల్లెవాసి. ఆ శుభవార్త విన్న మరుసటి ఏడే, 1987లో, తొంభై ఏళ్ళ వయసులో సలీం అలీ కన్నుమూశారు.

మనకు ఒక పాఠం

ఒక విషయం దాచకుండా చెప్పాలి. సలీం అలీ ఆచారాల్లో నిష్ఠ గల ముసల్మాను కారు. చిన్నతనంలో అరబీ అర్థం తెలియకుండానే ఖుర్ఆన్ చదివించారనీ, పైపై భక్తి ప్రదర్శించే పెద్దలను చూసి మనసు విరిగిందనీ ఆయనే రాసుకున్నారు. ఆయనను గురించి తీర్పు చెప్పటం మన పని కాదు, అది అల్లాహ్‌ది. కానీ పిల్లలకు చదువు చెప్పే నాబోటివాడికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. హలాలా కాదా అని ధర్మసందేహంతో వచ్చిన పిల్లవాడికి పక్షుల అరలు తెరిచి చూపినవారు దొరికారు. ఖుర్ఆన్ అర్థం తెరిచి చూపినవారు దొరకలేదు. ఆ దివ్యగ్రంథం తెరిస్తే అందులో పక్షులే పక్షులని ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబోలు. గాలిలో రెక్కలు చాచి ఎగిరే పక్షులను చూడమని, అవి కూడా మనలాంటి సముదాయాలేనని అందులో ఉంది. తల్లి పక్షి అల్లాడుతుంటే, దాని పిల్లలను తెచ్చిన సహచరులను తిరిగి పెట్టి రమ్మని ఆజ్ఞాపించిన ప్రవక్త (సఅసం) ఉమ్మతు మనది.

కనుక ఒక శుక్రవారం ఫజ్ర్ తర్వాత మీ పిల్లలను మీ ఊరి చెరువు గట్టుకు తీసుకెళ్ళండి. నెల్లూరు, తిరుపతి వైపు వారికి పులికాట్, నేలపట్టు దగ్గరే ఉన్నాయి. చలికాలంలో నేలపట్టు చెట్ల మీద గూడబాతులు పిల్లలను పెంచుతుంటాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు ఎరువని అక్కడి రైతులు ఆ పక్షులను కాపాడుకుంటారు. కొల్లేరు ఉంది, మంజీరా ఉంది, హైదరాబాదు పక్కన అమీన్‌పూర్ చెరువు ఉంది. మెరిసే బట్టలు వద్దు, కేకలు వద్దు, గూళ్ళ దగ్గరకు పోవద్దు. దుర్భిణి లేకపోయినా పర్వాలేదు. ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, చోటు, ఏ పక్షులు ఎన్ని అన్నది రాయించండి. పేరు తెలియకపోతే దాని రంగు, ముక్కు తీరు రాయించండి. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు మీకు జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరకు పంపండి. అమీరుద్దీన్ మామూజాన్ చేసింది అంతే.

హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) ఒకనాడు పక్షులను పరికించి, హుద్‌హుద్ కనబడటం లేదేమని విచారించారు. అంత పెద్ద రాజ్యం ఏలే ప్రవక్తకు ఒక చిన్న పక్షి లేకపోవటం కంటపడింది. సలీం అలీ జీవితమంతా చేసింది కూడా అలాంటి విచారణే. నంద్యాల జిల్లా రోళ్ళపాడు మైదానంలో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పక్షి ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. అది ఏదీ అని అడిగేవారు ఉండాలి. ఆ అడిగేవారిలో మన పిల్లలు కూడా ఉండాలి.